పంపు వెనకవాడి దగ్గర ఉండాలి

ప్రశ్న: మాది తిరుపతి. వయసు ముప్పై ఆరు. చిత్తూరులో ఉండే నా స్నేహితుడూ నేనూ ఇంటర్ నుంచి ఒకే జట్టు. వచ్చే జూలైలో మనాలి నుంచి లేహ్ దాకా మౌంటెన్ బైకుల మీద వెళ్దామని అనుకున్నాం. మొన్న ట్రయల్‌గా సామాన్లన్నీ కట్టుకుని హార్స్‌లీ హిల్స్‌కి బయల్దేరాం. రెండో రోజు మధ్యాహ్నానికే మా మధ్య మాటల్లేవు. ఎత్తు వస్తే చాలు, వాడు ముందుకెళ్ళిపోయి పైన ఆగుతాడు. నేను రొప్పుకుంటూ చేరగానే 'పదరా, ఇప్పటికే లేటైంది' అని కదులుతాడు. భాకరాపేట ఘాట్‌లో నాకు పంక్చరైతే పంపు వాడి సంచిలో ఉంది, వాడేమో అవతల టీ అంగట్లో ఉన్నాడు. ముప్పావు గంట ఎండలో నిలబడ్డాను. వచ్చాక 'నువ్వు సరిగా ప్రాక్టీసు చెయ్యలేదు' అన్నాడు. తిండికీ గదికీ డబ్బు నేనే పెట్టాను, అడగాలంటే మొహమాటం. నా సైకిల్ పాతది, 26 అంగుళాల చక్రాలు. ముందర మూడు చైన్‌వీళ్ళున్నాయి గానీ చిన్నదాని మీదికి చైన్ పడదు. వాడిది కొత్తది, 29. నా బరువు 70 కిలోలు, సైకిల్ 16, సామాను 14. వాడు సైకిలూ సామానూ అంతా కలిపి 90. మానేద్దామంటే ఏమనుకుంటాడో, వెళ్తే ఇన్నేళ్ళ స్నేహం చెడుతుందేమో. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

మానెయ్యకండి. టికెట్లు మాత్రం ఇప్పుడే తీయకండి. మీరు రాసిన గొడవలో మనిషి గుణం వల్ల వచ్చింది చాలా కొంచెం. మిగతాదంతా సైకిల్ వల్ల, బరువు వల్ల, ఆకలి వల్ల, ముందే మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చింది. వీటిని ఒక్కొక్కటిగా సరిచేసుకున్నాక కూడా పొసగకపోతే అప్పుడు మానుకోవచ్చు. ఇవేవీ ముట్టుకోకుండా 'మాకు పడదు' అని తేల్చేస్తే మీ ఇద్దరికీ అన్యాయం చేసుకున్నట్టే.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు మాటవరసకు రాసి వదిలేశారు. చిన్న చైన్‌వీల్ మీదికి చైన్ పడదన్నారు. మీరు వెనకపడటానికి పెద్ద కారణం అదే. పాత 26 అంగుళాల సైకిళ్ళలో మామూలుగా ముందర 42, 32, 22 పళ్ళుంటాయి, వెనక చక్రానికుండే పళ్ళచక్రాల గుత్తిలో, అంటే ఫ్రీవీల్‌లో, పెద్దది 28. మీ సైకిల్‌కీ అంతే అనుకుందాం. చిన్నది పడకపోతే మీ అతి తేలిక గేరు 32కి 28. ఆ గేరులో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే సైకిల్ గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్ల వేగంతో పోవాలి. నూటికి ఆరు మీటర్లు లేచే ఎత్తులో 100 కిలోల మొత్తం బరువుతో ఆ వేగం మీవల్ల కాదు. మామూలు ఓపిక ఉన్న మనిషికి అక్కడ గంటకు ఆరు లోపే వస్తుంది. అంటే నిమిషానికి నలభై తిప్పులు, ఒక్కో తిప్పూ మోకాలి మీద నిలబడి తొక్కుతున్నట్టు. అదే చిన్నది పడితే 22కి 28. అదే వేగానికి కాలు హాయిగా అరవై తిరుగుతుంది. మీ స్నేహితుడికి కనబడింది మీ ఆయాసం. ఆయన దాన్ని ప్రాక్టీసు లేకపోవడం అనుకున్నాడు.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. సైకిల్‌ని తలకిందులుగా పెట్టకండి, వెనక చక్రం గాల్లో ఉండేలా దేనికైనా వేలాడదీయండి. ఎడమచేతి షిఫ్టర్‌ని ఒకటో నంబరుకు తెచ్చి, ముందరి డిరైలర్ (చైన్‌ని ఒక చైన్‌వీల్ మీంచి ఇంకోదాని మీదికి నెట్టే భాగం) దగ్గర గేరు వైరు పట్టి ఉంచే బోల్టు వదులు చెయ్యండి. వైరు వదలగానే డిరైలర్ స్ప్రింగు బలంతో లోపలికి రావాలి. రాకపోతే దాని కీలులో మట్టి గట్టిపడిందన్న మాట. పాత టూత్‌బ్రష్షుతో, కొంచెం కిరసనాయిలుతో కడిగి, రెండు చుక్కలు నూనె వేసి చేత్తో పదిసార్లు ఆడించండి. డిరైలర్ బాగానే ఆడుతూ వైరు ఉన్నప్పుడే ఇరుక్కుంటుంటే, లోపలి వైరు కవర్లో తుప్పు పట్టింది. వైరూ కవరూ రెండూ మార్చాలి, ఒకటి మార్చి ఒకటి ఉంచితే నెలలో మళ్ళీ ఇదే కథ. ఆ రెండూ బాగుంటే అప్పుడు డిరైలర్ మీద ఎల్ అని ఉన్న స్క్రూ చూడాలి. చైన్‌ని వెనక పెద్దదాని మీద పెట్టి, స్క్రూని పావు తిప్పు చొప్పున ఎడమకి వదులుతూ రండి. చిన్నదాని మీద చైన్ కూర్చున్నాక డిరైలర్ లోపలి రేకుకీ చైన్‌కీ మధ్య అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు సందు ఉండాలి. అంతకంటే వదిలితే చైన్ చిన్నదాన్ని కూడా దాటి ఫ్రేమ్ మీద పడుతుంది. ఆఖరున వైరు చేత్తో బిగుతుగా లాగి బోల్టు బిగించండి.

లద్దాఖ్ ఎత్తులకు 28 కూడా చాలదు. వెనక 34 పళ్ళున్న ఫ్రీవీల్ వేయించండి. మీ వెనక డిరైలర్ 34 పట్టేదేనా, చైన్ పొడవు సరిపోతుందా అని మెకానిక్‌ని ముందే అడగండి. ఇప్పుడు ఏడు స్పీడులది, అంటే ఏడు పళ్ళచక్రాలది, ఉంటే ఏడు స్పీడులదే కొనాలి. 22కి 34 వేస్తే గంటకు ఐదు కిలోమీటర్ల లోపు వేగంలో కూడా కాలు సుఖంగా తిరుగుతుంది. పైన కనుమల దగ్గర మీరు పోయే వేగం అదే.

ఇక బరువు. మీరు మొత్తం 100 కిలోలు, అతను 90. మీ కాళ్ళ బలం 110 వాట్లు, అతనిది 150 అనుకుందాం. ఆరు శాతం ఎత్తులో పది కిలోమీటర్లకు మీకు దాదాపు 104 నిమిషాలు, అతనికి 69. ముప్పై ఐదు నిమిషాల తేడా. మీ సంచిలోంచి ఐదు కిలోలు అతని సంచిలోకి మారితే మీకు 99, అతనికి 73. తేడా ఇరవై ఆరుకు దిగింది. ఆపైన అతను కూడా ఒక గేరు తగ్గించి, మాట్లాడుతూ తొక్కగలిగేంత నిదానంగా, 130 వాట్లతో పోతే అతనికి 84 నిమిషాలు పడుతుంది. తేడా పావుగంట. ప్రాక్టీసు మాటే లేకుండా ముప్పై ఐదు నిమిషాలు పదిహేనైంది. ఈ లెక్క కాగితం మీద వేసి అతనికి చూపించండి. 'నువ్వు నా కోసం నెమ్మదిగా రా' అంటే ఎవరికైనా రోషం వస్తుంది. 'టెంటూ స్టవ్వూ గిన్నెలూ నువ్వు తీసుకో, మనిద్దరం పావుగంట తేడాలో ఉంటాం' అంటే పని మాట్లాడినట్టుంటుంది.

టెంటు, స్టవ్వు, గ్యాసు, బియ్యం, అదనపు నీళ్ళు ముందుండేవాడి దగ్గర. రిపేరు సామాను మాత్రం వెనకుండేవాడి దగ్గర. ఈ ఒక్క నియమం మీ భాకరాపేట ముప్పావు గంటను మళ్ళీ రానివ్వదు. ముందున్నవాడికి పంక్చరైతే ఆగి కూర్చుంటాడు, వెనకవాడు ఎలాగూ అక్కడికే వస్తాడు. వెనకవాడికి పంక్చరై పంపు ముందుంటే, ముందున్నవాడికి ఏదో తేడా కొట్టాలి, తిరిగి చూడాలి, ఎక్కిన ఎత్తు దిగాలి. కోపం రాక ఏమవుతుంది? రిపేరు సంచి కిలోన్నర దాటదు గనక మీకది మోత కాదు.

ఆ సంచిలో ఉండాల్సినవి రాస్తాను. పంపు, టైరు లివర్లు రెండు, ప్యాచులు, సొల్యూషన్ ట్యూబులు చిన్నవి రెండు (ఒకసారి విప్పినది వారంలో ఎండిపోతుంది, అందుకే పెద్దది ఒకటి కొనకూడదు), 4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు (ఆరు పలకలవి), డిస్కు బోల్టులకు నక్షత్రం మూతి టీ25 కీ, చైన్ విప్పే పనిముట్టు, గేరు వైరు ఒకటి, బ్రేకు ప్యాడ్లు ఇద్దరికీ ఒక్కో జత, ప్లాస్టిక్ టై పట్టీలు పది, బట్ట టేపు కొంచెం. మీ ఇద్దరి సైకిళ్ళూ వేరు గనక ఇక్కడ జాగ్రత్త. 26 ట్యూబు 29కి రాదు, కాబట్టి ఎవరి ట్యూబులు వాళ్ళకు రెండేసి. మీ ట్యూబు వాల్వు లావుది, అతనిది సన్నది అయితే పంపు మూతి రెంటికీ పట్టేదై ఉండాలి. కొనేటప్పుడే రెంటికీ ఎక్కించి చూడండి. చైన్ జోడించే క్విక్‌లింకు మీ స్పీడులకు ఒకటి, అతని స్పీడులకు ఒకటి. వెనక డిరైలర్‌ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ కూడా అంతే, ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో ఆకారం. సైకిల్ కుడివైపుకు పడితే మొదట వంగేది అదే, దారిలో ఏ ఊళ్ళోనూ దొరకదు. రాళ్ళ దారిలో వెనక చక్రం స్పోకు విరగడం కూడా మామూలే, ఇద్దరికీ సరైన పొడవులో మూడేసి తీసుకోండి.

మన వైపు పంక్చర్లకు సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు కారణం. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడిచి, గుడ్డ ఎక్కడ తగులుకుంటుందో చూసి ఆ ముల్లు పీకాలి. అది వదిలేసి కొత్త ట్యూబు ఎక్కిస్తే రెండు కిలోమీటర్లలో మళ్ళీ దిగాలి, రెండోసారి దిగినప్పుడు నోరు అదుపులో ఉండదు. లద్దాఖ్‌లో ముళ్ళ బెడద తక్కువ. అక్కడ గాలి తక్కువ ఉండి రాయి మీద టైరు నలిగితే ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. 2.1 అంగుళాల టైర్లకు సామానుతో వెనక 38, 40 పీఎస్ఐ, ముందర 32 దాకా ఉంచండి.

తొక్కే పద్ధతి. ఎత్తులో ఇద్దరూ పక్కపక్కనే పోవాలని పట్టుబట్టకండి, అది ఇద్దరికీ శిక్ష. ఎవరి లయలో వాళ్ళు పోవచ్చు. కానీ ముందున్నవాడు ఇరవై నిమిషాలకు మించి వెనకవాణ్ణి చూడకుండా పోకూడదు. దారి చీలే ప్రతిచోటా, కనుమ తలమీద, దిగుడు మొదలయ్యే ముందు, వాగు దాటే ముందు తప్పకుండా ఆగాలి. వెనకవాడు వచ్చాక అతను నీళ్ళు తాగి, ఏదైనా నమిలి, ఊపిరి తీసుకునేదాకా పది నిమిషాలు. 'పద' అనే మాట వెనకొచ్చినవాడే అనాలి. మీ ఉత్తరంలోని 'పదరా' అంతగా ఎందుకు గుచ్చుకుందో చూడండి. అతను అరగంట కూర్చుని ఒళ్ళు చల్లబడి కదలాలని చూస్తున్నాడు. మీకు ఆ రోజంతా ఒక్క విశ్రాంతి కూడా దొరకలేదు. ఇద్దరూ ఒకే దారిలో పోయినా రెండు వేర్వేరు రోజులు గడిపారు.

చదునులో ఎదురుగాలి ఉంటే మాత్రం దగ్గరగా పోవడం లాభం. పాంగ్ దాటాక వచ్చే మోరే మైదానాల్లో మధ్యాహ్నం గాలి గట్టిగా తిరుగుతుంది. బలమున్నవాడు పది నిమిషాలు ముందుండి గాలి కాస్తే, రెండోవాడు ఐదు నిమిషాలు కాస్తే చాలు. వెనకున్నవాడి ముందు చక్రం ఎప్పుడూ ముందు సైకిల్ వెనక చక్రం పక్కకు చొరబడకూడదు. ముందువాడు గుంట తప్పించడానికి పక్కకు వాలితే పడేది వెనకవాడే. దిగుళ్ళలో కనీసం యాభై మీటర్ల ఎడం ఉంచండి.

తిండి విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పొద్దున పదకొండుకీ సాయంత్రం నాలుగుకీ వచ్చే మాటామాటా వెనక తొంభై పాళ్ళు ఖాళీ కడుపే ఉంటుంది. గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక అరటిపండుకు పాతిక గ్రాములు, ఇరవై గ్రాముల బెల్లానికి దాదాపు అంతే, వేరుశెనగ చిక్కీ పట్టీకి మరికొంత. ఆకలేసేదాకా ఆగకూడదు, గడియారం చూసి తినాలి. మన ఎండలో గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు నీళ్ళు కావాలి. రెండు గంటలు దాటితే వట్టి నీళ్ళు చాలవు, లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలుపుకోండి. నిమ్మకాయ పిండుకుంటే తాగబుద్ధవుతుంది. ఇద్దరూ ఒక మాట అనుకోండి: ఎవరికి కోపం వచ్చినా ముందు తినడం, ఇరవై నిమిషాల తర్వాత అప్పటికీ కోపం ఉంటే మాట్లాడటం.

డబ్బు. ఉమ్మడి పర్సు ఒకటి పెట్టండి. బయల్దేరే రోజు ఇద్దరూ సమానంగా మూడేసి వేలు వేయండి, అయిపోగానే మళ్ళీ సమానంగా వేయండి. తిండి, గది, టెంటు అద్దె, బస్సు, జీపు, మందులు అందులోంచి. ఎవరి సైకిల్ విడిభాగాలు వాళ్ళవి. పర్సు ఎవరు పట్టుకుంటారో వాళ్ళు కాకుండా రెండోవాళ్ళు చిన్న పుస్తకంలో రాత్రిపూట రాయాలి. ఇలా చేస్తే అడగడమనే పరిస్థితే రాదు. మొన్న మీరు పెట్టిన డబ్బు లెక్క కూడా దాచుకోకుండా చెప్పేయండి, మొదటి విడతలో సర్దుకోవచ్చు. దారిలో వచ్చే దార్చా ఊరు దాటాక చాలా దూరం సిగ్నల్ ఉండదు, ఫోన్‌తో చెల్లింపులు జరగవు, నోట్లు కావాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు. ఒక్కరైనా పోస్ట్‌పెయిడ్‌కు మారండి.

ఇప్పుడు అసలు కష్టమైన విషయం, ఎత్తు. మనాలి నుంచి లేహ్ దాదాపు 430 కిలోమీటర్లు. దారిలోని కనుమల్లో బారాలాచా దగ్గర రోడ్డు 4,900 మీటర్లకు దగ్గరవుతుంది, లాచుంగ్ లా 5,000 దాటుతుంది, తంగ్లంగ్ లా 5,300 పైన. తిరుపతి 160 మీటర్లు. హార్స్‌లీ హిల్స్, పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ, 1,265. కాళ్ళకు ఇక్కడ తర్ఫీదు దొరుకుతుంది, పలచటి గాలికి దొరకదు. ఐదు వేల మీటర్ల దగ్గర గాలి పీడనం ఇక్కడున్న దానిలో సగం పైచిలుకే. మనిషి బలంలో మూడో వంతు దాకా తగ్గిపోతుంది. ఒంటి బిగువు ఉన్నంత మాత్రాన కొండజబ్బు రాకుండా పోదు. తొందరగా ఎక్కినవాడికే ముందు వస్తుంది. అంటే అక్కడ వెనకపడేది మీ స్నేహితుడే కావచ్చు. ఈ మాట అతనికి ఇప్పుడే తెలియాలి. అప్పుడు పైన రాసిన నియమాలన్నీ ఒకరి కోసం పెట్టినవి కావని అర్థమవుతుంది.

మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో రెండో రాత్రి ఉండాలి. ఈ దారిలో చిక్కు ఎక్కడంటే, జిస్పా 3,200 దగ్గర, తర్వాత అందరూ ఆగే సర్చూ 4,290 దగ్గర. ఒక్కరోజులో వెయ్యికి పైన. జిస్పాలో రెండు రాత్రులు ఉండి, తర్వాతి రాత్రి పత్సియో దగ్గర, సుమారు 3,750లో, ఆగితే మెట్టు చిన్నదవుతుంది. సర్చూలో జబ్బు చేస్తే చాలా ఇబ్బంది. వెనక్కి దిగాలన్నా ముందు బారాలాచా ఎక్కాలి, ముందుకు పోవాలన్నా గాటా మలుపులు ఇరవై ఒకటీ ఎక్కాలి. సైకిల్ మీద అయ్యే పని కాదు, బండి కట్టించుకోవాలి. ఆ బండి డబ్బు ఉమ్మడి పర్సులో కాకుండా విడిగా, ముట్టుకోకుండా ఉంచండి.

తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం కనిపిస్తే ఆ రోజు ఎక్కకూడదు. గీత మీద మడమకు బొటనవేలు ఆనించి పదడుగులు నడవమంటే తూలితే మెదడులో వాపు మొదలైనట్టు అనుమానించాలి. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, తడి దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెంటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు, బండిలో కిందికి దించాలి, పక్కన రెండోవాడు తప్పనిసరిగా వెళ్ళాలి. ఎసిటజోలమైడ్ మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్ళున్నారు గనక తిరుపతిలోనే డాక్టరుకు చూపించుకుని తీసుకోండి. మద్యం, నిద్రమాత్రలు ముట్టుకోవద్దు.

స్నేహానికి సంబంధించి ఇందులో ఒకటి ఉంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు చిరాకు, మొండితనం, ఎదుటివాడి మాట వినకపోవడం కూడా లక్షణాలే. 'నాకేం కాలేదు, నువ్వు భయపెడుతున్నావ్' అనేవాడే చాలాసార్లు ఎక్కువ జబ్బుగా ఉంటాడు. అందుకే నిర్ణయం ఆ ఎత్తులో తీసుకోకూడదు, ఇక్కడే తీసుకోవాలి. ఇద్దరిలో ఎవరు 'వెనక్కి పోదాం' అన్నా ఇద్దరూ పోతారు, కారణం అడగరు, ఆ రాత్రి దాని మీద చర్చ ఉండదు. ఇది ముందే మాటిచ్చుకుని, పుస్తకం మొదటి పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. సంతకం ఎందుకని అతను నవ్వినా పెట్టించండి. పైన ఒకడికి తల తిరుగుతున్నప్పుడు రెండోవాడికి చూపించడానికి ఆ పేజీ కావాలి.

ఇంకా ఇలాంటివి కొన్ని విడివిడిగా కాగితం మీద రాసుకుని తర్వాత మార్చుకోండి. ఒకరి ముందు ఒకరు మాట్లాడితే మొహమాటంతో ఇద్దరూ 'నీ ఇష్టం' అంటారు, అది దారిలో బయటపడుతుంది. రోజుకు ఎన్ని గంటలు తొక్కాలి? సాయంత్రం ఎన్నింటికి ఆగిపోవాలి? (నాలుగు అని నా సలహా. మంచు కరిగి వాగుల్లో నీళ్ళు మధ్యాహ్నం పెరుగుతాయి గనక పొద్దున్నే దాటి, త్వరగా ఆగడం మంచిది.) ఫోటోల కోసం ఎన్నిసార్లు ఆగొచ్చు? లేహ్ చేరకపోతే నీకు ఈ ప్రయాణం వృథానా? ఒకడు ఆగిపోతే రెండోవాడు ముందుకు పోవచ్చా? ఆఖరి రెంటికీ మీ జవాబులు వేరైతే భయపడకండి, ఇప్పుడే తెలిసినందుకు సంతోషించండి.

రాత్రిళ్ళు ఒక టెంటులో ఇద్దరు పడుకుంటే బరువు తగ్గుతుంది, కానీ వరసగా అయిదారు రాత్రులైతే ఒకరి గురక ఒకరికి కష్టమవుతుంది. కీలాంగ్‌లోనూ జిస్పాలోనూ గది తీసుకుని, ఆగిన రోజు సగంపూట ఎవరి దారిన వాళ్ళు తిరగండి. తొక్కేటప్పుడు గంటసేపు మాట్లాడకుండా పోవడం అలక కాదని కూడా ముందే అనుకోండి. వంట విషయం: సర్చూ ఎత్తులో నీళ్ళు సుమారు 85 డిగ్రీలకే మరుగుతాయి, పప్పు ఎంతసేపటికీ ఉడకదు. అటుకులు, ఉప్మా రవ్వ, సేమియా పట్టుకెళ్ళండి. అన్నం పప్పు ప్రెషర్ కుక్కర్ ఉన్న ధాబాలో తినండి.

వీలైతే మూడో మనిషిని కూడా చూడండి. ఇద్దరిలో ఒకరికి జబ్బు చేస్తే రెండోవాడు పక్కన ఉండాలా, బండి కోసం పోవాలా అన్న ఇరకాటం ముగ్గురుంటే ఉండదు. ఇద్దరికీ తెలిసిన మనిషి అయ్యుండాలి, ఒక్కరికే స్నేహితుడైతే రెండోవాడు ఒంటరి అవుతాడు.

ఇక మళ్ళీ ట్రయల్. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోపు ఐదు రోజులు పెట్టుకోండి. రెండు రోజుల్లో ఎవరి అసలు అలసటా బయటపడదు, మూడో రోజు పడుతుంది. తిరుపతి నుంచి పొద్దున ఐదుకు బయల్దేరి భాకరాపేట ఘాట్ ఎక్కి మొదటి రోజు పీలేరు. రెండో రోజు కలికిరి, వాయల్పాడు మీదుగా మదనపల్లె. మూడో రోజు హార్స్‌లీ ఘాట్, పైనే రాత్రి. నాలుగో రోజు దిగి పీలేరు, ఐదో రోజు ఇల్లు. లద్దాఖ్‌కు తీసుకెళ్ళే సామానంతా, టెంటుతో సహా, మోయండి. మొగిలి ఘాట్ వైపు ప్రాక్టీసుకు పోకండి, బెంగళూరు లారీల మధ్య సైకిల్‌కు చోటుండదు. తిరుమల ఘాట్ కూడా వద్దు, యాత్రికుల బండ్ల రద్దీలో నిదానంగా ఎక్కడం కుదరదు. మట్టిబాట కనిపించింది కదా అని శేషాచలం అడవిలోకి దిగకండి. అది రిజర్వు అడవి, ఎర్రచందనం కోసం గస్తీ ఉంటుంది, అనుమతి లేకుండా దొరికితే కేసవుతుంది.

ఆ మూడో రోజు హార్స్‌లీ ఘాట్‌లో మూడు విషయాలు గమనించండి. అతను ఇరవై నిమిషాలకొకసారి ఆగుతున్నాడా? 'పద' అనే మాట మీకు వదిలాడా? మీరు అలసిపోయినప్పుడు అలిగి ఊరుకోకుండా, 'అలసిపోయాను, ఆగుదాం' అని నోటితో చెప్పారా? మూడోది మీ వంతు, దాన్ని అతని మీద వేయకండి. ఈ మూడూ జరిగితే ఇంటికొచ్చిన వారంలో ఢిల్లీకి ఏపీ సంపర్క్ క్రాంతిలో టికెట్లు తీయండి. సైకిళ్ళు పార్సిల్‌లో వేసేటప్పుడు పెడళ్ళు విప్పి, హ్యాండిల్ తిప్పి, చక్రాలు కూడా తీస్తే డిస్కు బ్రేకు ప్యాడ్ల మధ్య మడతపెట్టిన అట్టముక్క పెట్టండి. దారిలో ఎవరైనా బ్రేకు నొక్కినా ప్యాడ్లు అతుక్కోవు.

జరగకపోతే ఇద్దరే కలిసి వెళ్ళే ఆలోచన మానుకోండి. సామాను మోసే బండీ, మెకానిక్కూ తోడుండే గుంపులు ఈ దారిలో ఏటా వేసవిలో బయల్దేరతాయి. అందులో ఎవరి వేగంలో వాళ్ళు తొక్కొచ్చు, రాత్రి ఒకే క్యాంపులో కలుస్తారు, వెనకపడ్డవాడి కోసం ఆగే పని బండిది. ఖర్చు ఎక్కువవుతుంది. దానికి అడ్వాన్సు కట్టేముందు రాత్రి మకాములు ఎక్కడెక్కడో రాయించుకుని, జిస్పాకీ సర్చూకీ మధ్య ఇంకో రాత్రి ఉందో లేదో చూసుకోండి.